ఫార్సీ వ్యాకరణం: మాటలన్నీ తెలుసు, వాక్యం మాత్రం అందట్లేదు

తార్నాక పాఠకురాలు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పాత భూమి లెక్కల మీద పరిశోధన చేస్తున్నాను. ఆ కాగితాలు చాలావరకు ఫార్సీలో ఉంటాయి. మొఘల్ కాలం నాటివి ఇక్కడే తార్నాకలో, రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఎవరో చేసిన అనువాదం మీద ఆధారపడకుండా నేనే చదవాలని ఎనిమిది నెలల క్రితం ఫార్సీ మొదలుపెట్టాను.

లిపి రెండు నెలల్లో పట్టుబడింది. మాటలైతే చుట్టాల్లా పలకరించాయి: జమీన్, ఖరీద్, హెసాబ్, దఫ్తర్. ఇక ఏముందిలే అనుకున్నాను. ఇప్పుడు వాక్యం దగ్గర ఆగిపోయాను. మొన్న ఒక పాఠంలో "పెసర్ హసన్ ఆమద్" అని మూడు మాటలు కనిపిస్తే "కొడుకు హసన్ వచ్చాడు" అని చదువుకున్నాను. అది "హసన్ కొడుకు వచ్చాడు" అట. మధ్యలో ఒక "ఎ" ఉందట, కానీ రాయరట. రాయనిదాన్ని ఎలా చదవాలి?

రెండో ఇబ్బంది క్రియలు. చూడటానికి "దీదన్" అని నేర్చుకుంటే, "చూస్తాను" అనడానికి "మీబీనమ్" అంటున్నారు. ఈ "బీన్" ఎక్కడి నుంచి వచ్చింది? నా దగ్గరున్న పుస్తకం ఇంగ్లీషువాళ్ళ కోసం రాసింది. ప్రతిదీ ఇంగ్లీషుతో పోల్చి చెబుతుంది, నాకు రెండింతలు బరువవుతోంది. తెలుగువాళ్ళు ఎవరైనా ఈ దారిలో నడిచి ఉంటే చెప్పండి.

పాతబస్తీ మాస్టారు | సోమవారం, రాత్రి 11:05

అమ్మా, మీరు ఆగిన చోటే అందరూ ఆగుతారు. రాయకుండా చదివే ఆ "ఎ"ని ఇజాఫె అంటారు. మీకు అది ఎప్పటినుంచో తెలుసు, గుర్తుపట్టలేదంతే.

కోహినూర్. కోహ్ అంటే కొండ, నూర్ అంటే వెలుగు. మధ్యలో వినిపించే ఆ చిన్న అచ్చే ఇజాఫె. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే వజ్రం అది. దానికి తోబుట్టువు లాంటి ఇంకో గోల్కొండ వజ్రం దర్యాయె నూర్, ఇప్పుడు టెహ్రాన్‌లో ఇరాన్ కేంద్ర బ్యాంకు ఖజానాలో ఉంది. దర్యా అంటే సముద్రం. ఈ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టుకోండి. కోహ్ హల్లుతో ఆగింది, అందుకని ఒట్టి "ఎ" చేరింది. దర్యా అచ్చుతో ఆగింది, అందుకని "యె" చేరింది. మనం బళ్ళో చదువుకున్న యడాగమం లాంటిదే.

ఇక ఎక్కడ చదవాలన్న ప్రశ్న. రెండు నామవాచకాలు గానీ, ఒక నామవాచకం, దాని వెనక ఒక విశేషణం గానీ పక్కపక్కన వచ్చి, మధ్యలో ఏ విభక్తి ముక్కా, "మరియు" అనే "ఒ" లేకపోతే ముందు ఇజాఫె పెట్టి చదివి చూడండి. గొలుసు ఎక్కడ తెగుతుందంటే "రా" (మన "ని, ను" లాంటిది) వచ్చినచోట, "అజ్" (నుంచి), "దర్" (లో) లాంటి మాట వచ్చినచోట, లేదా క్రియ వచ్చినచోట.

ఒక ఉదాహరణ: దరె బాగె ఖానెయె దూస్తె మన్. దర్ తలుపు, బాగ్ తోట, ఖానె ఇల్లు, దూస్త్ స్నేహితుడు, మన్ నేను. దీన్ని తెలుగులో చెప్పండి: నా స్నేహితుడి ఇంటి తోట తలుపు. ఒక్క మాట కూడా అటూ ఇటూ కాకుండా మొత్తం తిరగబడింది. ఫార్సీ కుడి నుంచి ఎడమకు రాస్తారు కదా, ఆ పంక్తిని మీరు ఎడమ చివర నుంచి మనలాగా చూస్తే మాటలు తెలుగు వరసలోనే కనిపిస్తాయి. నేను చిన్నప్పుడు మా నాన్నగారి దగ్గర ఇలాగే నేర్చుకున్నాను. అలవాటయ్యాక ఈ ఊతకర్ర అవసరముండదు.

నెల్లూరు నిఘంటువు | మంగళవారం, ఉదయం 6:20

మాస్టారికి నమస్కారం. క్రియల సంగతి నేను చెబుతాను, అది నాకు చాలా ఇష్టమైన చోటు.

ఫార్సీ క్రియకు రెండు ధాతువులు. ఒకటి గడిచినదానికి, ఒకటి ఇప్పటిదానికి. దీదన్‌కు దీద్, బీన్. గొఫ్తన్ (చెప్పడం) కు గొఫ్త్, గూ. కర్దన్ (చేయడం) కు కర్ద్, కొన్. ఇవి గుర్తుపెట్టుకోవడానికి ఇంకే పుస్తకమూ అక్కర్లేదు, తెలుగు నిఘంటువు చాలు.

బందోబస్తు అన్న మాట తీసుకోండి. ఎన్నికలొస్తే, జాతరొస్తే పేపర్లో రోజూ చూసేదే. "కట్టడం" అనే క్రియ బస్తన్. దాని గత ధాతువు బస్త్, వర్తమాన ధాతువు బంద్. రెంటినీ "ఒ"తో కలిపితే బంద్-ఒ-బస్త్. ఒక్క క్రియ రెండు ధాతువులూ పోలీసు బందోబస్తులో పక్కపక్కన నిలబడి ఉన్నాయి! బియ్యం బస్తా కూడా అదే ఇంటిది. బస్త్‌కు "అ" చేరిస్తే "కట్టినది". మూట కట్టినది కాబట్టి బస్తా.

గుమాస్తా అంటే గొమాష్తన్ (నియమించడం) నుంచి వచ్చిన "నియమించబడినవాడు". తహసీల్దారు, జమీందారు, జాగీర్దారుల్లోని దార్, దాష్తన్ (కలిగి ఉండటం) అనే క్రియ వర్తమాన ధాతువు. రవాణాలోని "రవ్" వెళ్ళడానికి వర్తమాన ధాతువు, అందుకే "వెళ్తాను" అంటే మీరవమ్. కారుకూనులోని కూన్, కర్దన్ వర్తమాన ధాతువు కొన్. పని చేసేవాడు. ఖరీదు అయితే కొనడానికి గత ధాతువే అచ్చంగా.

ఒక జాగ్రత్త. మన మాటల చివర "ఆ" ఉంటుంది: బస్తా, గుమాస్తా, నమూనా, పరదా. నేటి ఇరాన్‌లో అవి బస్తె, గొమాష్తె, నమూనె, పర్దె. మన దగ్గరికి వచ్చిన ఫార్సీలో చివరి అచ్చు "అ"గా పలికేవారు, ఇరాన్‌లో అది తర్వాత "ఎ" అయింది. మీ పాత కాగితాలకు మన ఉచ్చారణే దగ్గర. టెహ్రాన్ రేడియో వినేటప్పుడు మాత్రం చెవి మార్చుకోవాలి.

తార్నాక పాఠకురాలు | మంగళవారం, ఉదయం 8:15

బందోబస్తు చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. ఎనిమిది నెలల నుంచి పట్టికలు బట్టీ కొడుతున్నాను, ఇది ఎవరూ చెప్పలేదు. మీ ఇద్దరికీ ధన్యవాదాలు.

టొరంటో కోడలు | మంగళవారం, రాత్రి 7:50

నేను చదవడానికి కాదు, మాట్లాడటానికి నేర్చుకున్నాను. మా ఆయనది షీరాజ్. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. పెళ్ళైన కొత్తలో ఆవిడ ఫోన్ చేస్తే నవ్వుతూ కూర్చోవడం తప్ప ఏమీ చేయలేకపోయేదాన్ని. ఆ బాధే నాతో భాష నేర్పించింది.

క్లాసులో మా పక్కన అరబ్బులు, చైనావాళ్ళు, ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్ళు ఉండేవారు. ఒక్కొక్కళ్ళకీ ఒక్కోచోట కష్టం. అరబ్బు అమ్మాయి ప్రతి మాటకీ స్త్రీలింగం వెతికేది. ఫార్సీలో లింగమే లేదు, అతనైనా ఆమైనా "ఊ". ఇంగ్లీషువాళ్ళు క్రియను చివరిదాకా దాచుకోలేక అవస్థపడేవారు, మనకు అది ఊపిరి తీసినంత సహజం. "హీచ్ కస్ నయామద్" అంటే ఎవరూ రాలేదు. మనలాగే "ఎవరూ"తో పాటు క్రియ కూడా వ్యతిరేకంలోనే ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళు "న" మర్చిపోయేవారు.

అన్నిటికన్నా నాకు సంతోషం కలిగించింది వేరే. "ఖాబమ్ మీయాద్" అని విన్న రోజు. ఖాబ్ నిద్ర, "అమ్" నా, మీయాద్ వస్తుంది. నాకు నిద్ర వస్తోంది! "నేను నిద్రగా ఉన్నాను" అని కాదు. అలాగే "ఖోషమ్ ఆమద్" అంటే నాకు నచ్చింది, "యాదమ్ రఫ్త్" అంటే నాకు గుర్తు పోయింది, అంటే మర్చిపోయాను. చలి కూడా ఇలాగే మనిషికి "అవుతుంది", మనిషి దాన్ని చేయడు. ఈ పాఠానికి మా టీచరు మూడు వారాలు పెట్టారు. నాకు ఒక్క సాయంత్రం సరిపోయింది. ఆ రోజు అత్తగారితో ఫోన్లో మొదటిసారి పూర్తి వాక్యం చెప్పాను.

నేను ఓడిపోయిన చోటు మాత్రం "వెళ్ళాలనుకుంటున్నాను" లాంటివి. మనకు "వెళ్ళాలి" అన్న రూపం మనిషిని బట్టి మారదు. నేను వెళ్ళాలి, నువ్వు వెళ్ళాలి, వాళ్ళు వెళ్ళాలి. ఫార్సీలో రెండు క్రియలకీ మనిషి గుర్తు పెట్టాలి: మీఖాహమ్ బెరవమ్. "కోరుకుంటున్నాను-నేను, వెళ్ళేలా-నేను". నేను చాలాకాలం "మీఖాహమ్ రఫ్తన్" అన్నాను. అర్థమయ్యేది, కానీ ప్రతిసారీ మా ఆడపడుచు మెల్లగా సరిచేసేది. "కావచ్చు", "తప్పదు", "చేయగలను", "వస్తాడేమోనని" ఇలాంటివి ఏవి వచ్చినా వెనకాల క్రియకు ఈ "బె" రూపమే. ఇది రాకపోతే రోజుకి పది వాక్యాలైనా తప్పుతాయి.

కువైట్ గోదారి | మంగళవారం, రాత్రి 10:30

నేను చెప్పేది అందరికీ నచ్చకపోవచ్చండి. పన్నెండేళ్ళ నుంచి గల్ఫ్‌లో ఉన్నాను, ఇరానీ వాళ్ళ కొట్లో ఆరేళ్ళు చేశాను. వ్యాకరణం ఒక్క పేజీ చదవలేదండి. మాటలు పట్టుకుని, క్రియ చివర పెట్టి మాట్లాడేసేవాణ్ణి. అందరికీ అర్థమయ్యేది. ముందే ఇంత వ్యాకరణం మీద పడితే మనిషి నోరు విప్పడేమోనని నా భయం. ముందు మాట్లాడాలి, తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు.

టొరంటో కోడలు | మంగళవారం, రాత్రి 11:10

అన్నా, మీరు చెప్పింది నిజమే, నోరు విప్పకపోతే ఏదీ రాదు. కానీ "అర్థమయ్యేది" దగ్గర ఆగిపోతే అవతలివాళ్ళు మనతో చిన్నపిల్లలతో మాట్లాడినట్టే మాట్లాడతారు. మా మావగారు పోయినప్పుడు అత్తగారితో నాలుగు మాటలు సరిగ్గా మాట్లాడాల్సి వచ్చింది. ఆరోజు సగం భాషతో కూర్చుని ఉంటే నన్ను నేను క్షమించుకోలేకపోయేదాన్ని. అందుకే నాకు ఆ "బె" ముఖ్యం.

కువైట్ గోదారి | బుధవారం, ఉదయం 7:05

మీరు చెప్పాక ఆలోచించానమ్మా. నిజమే. కొట్లో లెక్కలకి సరిపోయిన భాష అక్కడికి సరిపోదు. నాకూ ఒక అనుమానం తీర్చండి. వాళ్ళు రాసేది ఒకటి, మాట్లాడేది ఒకటి ఎందుకుంటుంది? పుస్తకంలో "నాన్" అని ఉంటుంది, రొట్టెల షాపులో "నూన్" అంటారు.

హనుమకొండ భాషాశాస్త్రం | బుధవారం, మధ్యాహ్నం 1:15

మాట్లాడే టెహ్రాన్ ఫార్సీలో "న్", "మ్" ముందు ఉన్న "ఆ" చాలా మాటల్లో "ఊ" అవుతుంది. నాన్ నూన్, ఖానె ఖూనె, ఆన్ ఊన్. క్రియలు కుదించుకుపోతాయి: మీరవమ్ కాస్తా మీరమ్, మీరవద్ కాస్తా మీరె. "అస్త్" (ఉంది) ఒట్టి "ఎ" అయిపోతుంది. గ్రాంథికం, వ్యావహారికం అని గిడుగు రామమూర్తి గారి కాలంలో మనవాళ్ళు పడిన గొడవ తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. "వచ్చుచున్నాడు" చదివి "వస్తున్నాడు" అనడం మనకు వచ్చు కదా. తేడా ఏంటంటే ఫార్సీలో వార్తలు, పుస్తకాలు ఇప్పటికీ రాత రూపాన్నే పట్టుకుని ఉన్నాయి. కాబట్టి రెండూ నేర్చుకోవాలి, ఏది ముందన్నది మీ అవసరాన్ని బట్టి. తార్నాక పాఠకురాలికి మాట్లాడే రూపాలు ఇప్పుడే అక్కర్లేదు.

మాస్టారు "రా" అన్నారు కదా, దాని గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు. ఇంగ్లీషు పుస్తకాలు దీనికి ఒక అధ్యాయమంతా ఖర్చు పెడతాయి. మనకు "ని, ను" ఉన్నాయి. "పుస్తకం చదివాను" అంటే చదవడం అనే పని చేశాను. "పుస్తకాన్ని చదివాను" అంటే మన ఇద్దరికీ తెలిసిన ఆ పుస్తకం. ఫార్సీలోనూ అంతే: కెతాబ్ ఖాందమ్, కెతాబ్ రా ఖాందమ్. ఇంత దగ్గరగా ఉందని మురిసిపోయి నేను రెండుచోట్ల పడ్డాను. ఒకటి, మనం "టీచర్‌ని అడిగాను" అంటాం. ఫార్సీలో "అజ్ మొఅల్లెమ్ పొర్సీదమ్", టీచర్ నుంచి అడిగాను. రెండు, లెక్క చెప్పాక మనం బహువచనం వాడతాం, మూడు పుస్తకాలు. అక్కడ "సె కెతాబ్", మూడు పుస్తకం. మనుషులకైతే "సె నఫర్" అంటారు, మన "ముగ్గురు"లాగా మనుషులకు వేరే లెక్కమాట ఉంది.

"నేను వెళ్తున్నాను" అనడానికి "దారమ్ మీరవమ్" అని వింటారు. దీనికి వ్యతిరేకం లేదు. "నదారమ్ మీరవమ్" అనకూడదు, ఒట్టి "నెమీరవమ్" చాలు. నేను ఒక సంవత్సరం పాటు తప్పు చెప్పాను, ఎవరూ దిద్దలేదు. మర్యాదకి ఊరుకున్నారని తర్వాత తెలిసింది.

మర్యాద అంటే గుర్తొచ్చింది, మాస్టారూ, అర్జీ, ఫర్మానాల సంగతి మీరు చెబితే బాగుంటుంది.

పాతబస్తీ మాస్టారు | బుధవారం, రాత్రి 9:30

మంచి మాట గుర్తుచేశారు. ఫర్మానా పైనుంచి కిందికి వస్తుంది, అర్జీ కింది నుంచి పైకి వెళ్తుంది. ఆ రెండు మాటలూ నేటి ఫార్సీ సంభాషణలో బతికే ఉన్నాయి. ఎదుటివారు చెప్పినదానికి ఫర్మూదన్ వాడాలి, "మీరు సెలవిచ్చారు" అన్నట్టు. మనం చెప్పేదానికి "అర్జ్ కర్దన్" వాడాలి, "విన్నవించుకుంటున్నాను" అన్నట్టు. పెద్దవారి ముందు తన మాటకు ఫర్మూదన్ వాడితే చాలా తప్పుగా వినిపిస్తుంది. పెద్దవారు వచ్చారనడానికి "తష్‌రీఫ్ ఆవర్దంద్". క్రియ బహువచనంలో ఉండటం చూడండి, మన "వచ్చారు"లాగే.

ఇక ఉర్దూ వచ్చినవాళ్ళకు ఒక మాట. మా విద్యార్థుల్లో ఫార్సీని తొందరగా వదిలేసింది వాళ్ళే. మాటలు తెలుసన్న ధీమాతో అర్థం సరిచూసుకోరు. మనం బీదవాణ్ణి గరీబు అంటాం, ఫార్సీలో గరీబ్ అంటే పరాయి ఊరివాడు. మనకు తక్లీఫ్ అంటే ఇబ్బంది, ఇరాన్‌లో పిల్లల హోంవర్క్ కూడా తక్లీఫే. ఉర్దూ వాళ్ళకు ఇజాఫె కవిత్వంలో కట్టిపెట్టిన మాటల్లో తెలుసు గానీ, సొంతంగా వాక్యంలో కట్టడం రాదు. నాకూ మొదట్లో రాలేదు.

కొత్తగా చేరాను | గురువారం, ఉదయం 11:00

నేను నాలుగో పాఠంలోనే ఉన్నాను. "ఖూబీ" అంటే "బాగున్నావా" అని నేర్పారు. తర్వాత ఒక సామెతలో "మంచితనం" అని రాసుంది. ఏది సరైనది?

నెల్లూరు నిఘంటువు | గురువారం, మధ్యాహ్నం 12:10

రెండూ సరైనవే. ఫార్సీలో మాట చివర వచ్చే "ఈ" చేసే పనుల్లో ఇక్కడ నాలుగు చెప్పుకోవాలి, రాతలో నాలుగూ ఒకేలా ఉంటాయి. ఖూబ్ అంటే బాగు. "నువ్వు" అనే గుర్తు చేరితే ఖూబీ, బాగున్నావు. గుణాన్ని పేరుగా మార్చే "ఈ" చేరితే ఖూబీ, మంచితనం. మర్దీ అంటే "ఒక మనిషి" కావచ్చు, "మగతనం" కావచ్చు. నోటితో చెబితే తేడా తెలుస్తుంది. గుణం పేరైతే చివరి "ఈ" మీద ఒత్తు పడుతుంది, ఈ నాలుగింటిలో మిగతా మూడింటికి పడదు. నాలుగోది "కె" ముందు వచ్చేది, అది మాస్టారు చెబితేనే బాగుంటుంది.

పాతబస్తీ మాస్టారు | గురువారం, రాత్రి 8:45

"నిన్న మా ఇంటికి వచ్చిన ఆవిడ టీచర్" అంటాం మనం. వచ్చిన అనే ఒక్క రూపంతో వాక్యాన్నంతా ఆవిడ ముందు పెట్టేస్తాం. ఫార్సీలో ఆవిడ ముందొస్తుంది, ఆవిడ గురించిన కథ "కె" అనే మాటతో మొదలై వెనకాల వస్తుంది: జనీ కె దీరూజ్ బె ఖానెయె మా ఆమద్, మొఅల్లెమ్ అస్త్. జన్ అంటే ఆడమనిషి, దానికి "ఈ" తగిలింది. ఆ "ఈ" చెప్పేదేమిటంటే "ఆగు, ఏ ఆవిడో ఇప్పుడు చెబుతాను" అని. పాత దస్తావేజుల్లో ఈ "కె" తర్వాత మూడు నాలుగు పంక్తులు సాగిపోతాయి. అప్పుడు "ఈ" ఎక్కడుందో వేలు పెట్టి ఉంచుకుని, "కె" వాక్యం ముగిసే క్రియ దాకా వెళ్ళి వెనక్కి రావాలి. అందులో "మా" అంటే మా అనే వచ్చింది చూడండి, కాకతాళీయమే అయినా పిల్లలకు చెప్పినప్పుడు సంతోషపడేవారు. అయితే మేము, మనం తేడా అక్కడ లేదు.

తార్నాక పాఠకురాలు | శుక్రవారం, రాత్రి 10:20

నాలుగు రోజులుగా ఈ పేజీని నోటుబుక్కులో ఎక్కించుకుంటున్నాను. ఇవాళ సొంతంగా ఒక వాక్యం రాశాను, దిద్దండి మాస్టారూ.

జమీన్ కె పెదరె మన్ ఖరీద్, దర్ కెనారె రూద్ అస్త్.

మా నాన్న కొన్న పొలం ఏటి ఒడ్డున ఉంది అని నా ఉద్దేశం.

పాతబస్తీ మాస్టారు | శుక్రవారం, రాత్రి 10:55

ఇజాఫెలు రెండూ సరిగ్గా పెట్టారు. రాతలో కనిపించవు గానీ మీరు విన్నారు. ఒక్కటే తప్పు. "జమీన్ కె" అంటే "పొలం, దాన్ని నాన్న కొన్నాడు, అది ఏటి ఒడ్డున ఉంది" అన్నట్టు, ఏ పొలమో ముందే తెలిసిపోయినట్టు అవుతుంది. ఎన్నో పొలాల్లో నాన్న కొన్నదే అని చెప్పాలంటే "జమీనీ కె". భూమి కాగితాల్లో ఆ "ఈ" ఉందా లేదా అన్నది ముఖ్యం.

తార్నాక పాఠకురాలు | శుక్రవారం, రాత్రి 11:10

జమీనీ కె పెదరె మన్ ఖరీద్, దర్ కెనారె రూద్ అస్త్.

సోమవారం ఆర్కైవ్స్‌కి వెళ్తున్నాను. ఒక కాగితంలో "కె" తర్వాత ఐదు పంక్తులు సాగిన వాక్యం ఒకటి ఉంది, మూడు నెలల క్రితం చదవలేక వదిలేశాను. దాని నకలు రాసుకొచ్చి ఇక్కడ పెడతాను.